డ్రైసూట్ జిప్‌కి ఏది రాయాలి, మైనమా సిలికాన్ గ్రీజా?

పూజెట్_వాసి:

నమస్తే అందరికీ. మేము సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటాం. నేనూ మా ఆవిడా ఇద్దరం డైవ్ చేస్తాం, ఎక్కువగా ఎడ్మండ్స్ అండర్‌వాటర్ పార్క్, లేదంటే వెస్ట్ సియాటెల్‌లో కోవ్ 2. పూజెట్ సౌండ్ నీళ్ళ సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలిసిందే, చలికాలం 7, 8 డిగ్రీలు, మంచి ఎండాకాలంలో కూడా కింద 12, 13 దాటడం కష్టం, అందుకని లోపలికి నీళ్ళు వచ్చే వెట్‌సూట్‌లు పక్కన పెట్టి, నీళ్ళు అసలు రానివ్వని డ్రైసూట్‌లకి ఇద్దరం మారాం. ఆక్టోపస్ కనపడితే కాసేపు అక్కడే నిలబడి చూడాలని ఉంటుంది కదా, వణుక్కుంటూ పైకి వచ్చేయడం ఇష్టం లేదు.

నాది సెకండ్ హ్యాండ్ ట్రైలామినేట్ (మూడు పొరల బట్ట) సూట్, వెనక భుజాల మీదుగా ఇత్తడి పళ్ళ జిప్. ఆవిడది కొత్తది, ముందు వైపు భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా ప్లాస్టిక్ జిప్. నా జిప్ మొదట్లో బాగానే కదులుతుంది గానీ చివరి రెండు మూడు అంగుళాలు మాత్రం బాగా బిగుతుగా ఉంది, ఆవిడ గట్టిగా లాగాల్సి వస్తోంది, తెగిపోతుందేమో అని ప్రతిసారీ భయం. సూట్ అమ్మినాయన మాన్యువల్ ఇవ్వలేదు.

ఇక్కడ డైవ్ సైట్లో పార్కింగ్ దగ్గర ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. ఒకాయన మామూలు కొవ్వొత్తి రుద్దు చాలు అన్నాడు, ఇంకొకాయన సిలికాన్ స్ప్రే కొట్టు అన్నాడు, మా ఫ్రెండ్ ఒకడు వాజలీన్ అంటాడు. షాపులో అడిగితే రెండు జిప్పులకీ ఇదే అని ఒక స్ప్రే చేతిలో పెట్టారు, అది ఇంకా విప్పలేదు. నా డౌట్లు ఏంటంటే, రెండు రకాలకీ ఒకటే పనికొస్తుందా, బయట రాయాలా లోపల కూడా రాయాలా, ఎన్నాళ్ళకోసారి రాయాలి. అలాగే ఇండియా వెళ్ళినప్పుడు వాడే వెట్‌సూట్, బూట్ల జిప్పుల గురించి కూడా ఎవరైనా చెప్తే బావుంటుంది. కొత్త జిప్ వేయించాలంటే ఇక్కడ నాలుగైదు వందల డాలర్ల దాకా అవుతుందంటున్నారు, అందుకే ముందే అడుగుతున్నా.


నీటిగూడు:

మంచి ప్రశ్నండి, సమాధానం కొంచెం పొడుగే. నేను ఇంగ్లాండులో లెస్టర్ దగ్గర ఉంటాను, స్టోనీ కోవ్ అనే డైవింగ్ చోటు మాకు దగ్గర, వారానికి రెండు రోజులు డ్రైసూట్‌లు రిపేర్ చేసే చోట పని చేస్తాను, మెడ సీల్స్ (నీళ్ళు రాకుండా మెడకి బిగుతుగా పట్టే పట్టీలు) మార్చడం, జిప్పులు మార్చడం ఇదే పని. మా దగ్గరికి వచ్చే జిప్పుల్లో అరిగిపోయి వచ్చేవి తక్కువండి, సరిగ్గా కడగక, తప్పుడుది రాసి, పక్కకి లాగి పాడైనవే ఎక్కువ.

ఆ స్ప్రే విప్పకండి, వీలైతే వెనక్కి ఇచ్చేయండి. రెండు జిప్పులకీ ఒకటే పనికిరాదు, ఎందుకో చెప్తాను.

మీ ఇత్తడి జిప్‌లో నీళ్ళు ఆపేది పళ్ళు కాదు. జిప్‌కి రెండు పక్కలా ఉండే బట్ట పట్టీనే టేప్ అంటాం, రబ్బరు పూసిన ఆ టేప్ అంచుల్ని పళ్ళు పట్టుకుని ఉంటాయి, జిప్ మూసినప్పుడు అటు అంచూ ఇటు అంచూ ఒకదానికొకటి గట్టిగా నొక్కుకుంటాయి, రబ్బరు మీద రబ్బరు, అదే సీల్. అంటే మీరు రాసే మైనం నీళ్ళని ఆపదు, ఆపాల్సిన అవసరమూ లేదు. దాని పని ఒక్కటే, స్లయిడర్ ఇత్తడి మీద తేలిగ్గా జారేట్టు చేయడం. తేలిగ్గా జారితే మీరు తక్కువ బలంతో లాగుతారు, పళ్ళు వంగవు, టేప్ మీద లాగుడు పడదు, జిప్ ఎక్కువ కాలం ఉంటుంది. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

కాబట్టి ఇత్తడి దానికి మైనం. తేనెమైనం గానీ, పారఫిన్ మైనం గానీ, గేర్ ఎయిడ్ వాళ్ళ జిప్ టెక్ లాంటి స్టిక్ గానీ, ఏదైనా పర్లేదు. ఆ కంపెనీ మీ వాషింగ్టన్ రాష్ట్రంలోనే బెల్లింగ్‌హామ్‌లో ఉంది, మీకు తేలిగ్గా దొరుకుతుంది. కొవ్వొత్తి చెప్పినాయన తప్పు చెప్పలేదు, తెల్లటి మామూలు పారఫిన్ కొవ్వొత్తి అయితే అవసరానికి పనికొస్తుంది, రంగులు వాసనలు కలిపినవి మాత్రం వద్దు. జిప్ పూర్తిగా మూసి, ఆరిన తర్వాత, బయటి వైపు పళ్ళ మీద పలచగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి రుద్దండి, తర్వాత నెమ్మదిగా రెండు మూడు సార్లు తెరిచి మూయండి. పళ్ళ సందుల్లో ముద్దలు ముద్దలుగా కనపడుతుంటే ఎక్కువైందని అర్థం, మెత్తటి బ్రష్‌తో తీసేయండి, ఎందుకంటే ఆ ముద్దలకే ఇసుక అంటుకుంటుంది. లోపలి వైపు రబ్బరు అంచులకి ఏమీ రాయక్కర్లేదు, అది శుభ్రంగా ఉంటే చాలు. ఎన్నాళ్ళకోసారి అంటే, నేనైతే డైవింగ్‌కి వెళ్ళే ప్రతి రోజూ ముందు ఒకసారి పలచగా రాస్తాను, అర నిమిషం పని.

ఇక మీ ఆవిడ గారి ప్లాస్టిక్ జిప్. స్లయిడర్ మీద గానీ చివర గానీ టిజిప్ అని రాసి ఉందేమో చూడండి, ఇది జర్మనీ వాళ్ళది, ప్లాస్టిక్ పళ్ళు నేరుగా పాలీయురేథేన్ పూసిన టేప్ మీదే పోతపోసి ఉంటాయి. దీనికి మైనం కాదు, ఆ కంపెనీ వాళ్ళే ఒక చిన్న ట్యూబ్‌లో ఇచ్చే సిలికాన్ గ్రీజు. అది కూడా అసలు ముఖ్యమైన చోటు డాకింగ్ ఎండ్, అంటే జిప్ పూర్తిగా మూసినప్పుడు స్లయిడర్ వెళ్ళి కూర్చునే ఆ చివరి గూడు. ఆ గూట్లో బియ్యపుగింజంత గ్రీజు పెట్టి స్లయిడర్‌ని అందులోకి లోపలికీ బయటికీ కొన్నిసార్లు ఆడించండి, తర్వాత మిగిలింది గుడ్డతో తుడిచేయండి. పళ్ళ పొడుగునా దిట్టంగా పూయాల్సిన పని లేదు. వైకేకే వాళ్ళవి కూడా ప్లాస్టిక్ రకాలు ఉన్నాయి, వాటికి సూట్ కంపెనీ మాన్యువల్లో ఏది రాస్తే అది వాడండి, కొత్త సూట్ కాబట్టి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

మరి ఇత్తడి దానికి సిలికాన్ ఎందుకు వద్దంటున్నానంటే, స్ప్రే కొడితే అది జిప్ మీదే ఉండదు, చుట్టూ బట్టలోకి, టేప్ అంచుల్లోకి పోతుంది. ఒకసారి పోయిందంటే పూర్తిగా వదిలించడం చాలా కష్టం. రేపు జిప్ మార్చాల్సి వచ్చినా, ఆ పక్కన చిన్న ప్యాచ్ వేయాల్సి వచ్చినా, మా జిగురు పట్టదు. సిలికాన్ పట్టిన సూట్ బల్ల మీదకి వచ్చిందంటే ఆ రోజు మాకు నరకమే, కస్టమర్‌కి డబ్బులు ఎక్కువ, మాకు గ్యారంటీ ఇవ్వడానికి ధైర్యం చాలదు. టిజిప్ గ్రీజు కూడా సిలికానే కదా అంటారేమో, నిజమే, అందుకే గింజంత అని, గూట్లోనే అని, తుడవమని ఇన్నిసార్లు చెప్తున్నాను.

వాజలీన్, వంటనూనె, కుట్టుమిషన్ నూనె, డబ్ల్యూడీ 40 ఇవేవీ వద్దు. ఇలాంటి నూనె, జెల్లీ సరుకు రబ్బరుని ఉబ్బేలా, మెత్తబడేలా చేస్తుంది, పైగా దుమ్ము పడుతుంది. మీ ఫ్రెండ్‌కి కూడా చెప్పండి.

ఇంకోటి, మెడకీ మణికట్టుకీ టాల్కం పౌడర్ వేసుకుంటారు కదా, అది జిప్ మైనం మీద పడకుండా చూసుకోండి.


రుషికొండ_అలలు:

నీటిగూడు అక్క డ్రైసూట్ గురించి అంతా చెప్పేసింది, నేను వైజాగ్ నుంచి వెట్‌సూట్ సంగతి చెప్తాను. మాకు ఇక్కడ డ్రైసూట్ అవసరమే రాదు గురూ, నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి, 3 మిల్లీమీటర్ల సూట్ చాలు, చాలామంది అదీ లేకుండానే దిగిపోతారు. కానీ మా జిప్పులకి వచ్చే కష్టం వేరు, ఎండ, ఉప్పు, ఇసుక, ఈ మూడూ.

వెట్‌సూట్ వెనక జిప్ నీళ్ళు ఆపే జిప్ కాదు కాబట్టి టేప్ పాడవుతుందేమో అన్న భయం లేదు, నైలాన్ కాయిల్ గానీ ప్లాస్టిక్ పళ్ళు గానీ ఉంటాయి. పళ్ళకి తుప్పు పట్టదు, కానీ చాలా వాటికి స్లయిడర్ లోహం, బూట్లకి కూడా అంతే. డైవ్ అయ్యాక కడక్కుండా ఎండలో ఆరేస్తే నీళ్ళు పోతాయి ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు స్లయిడర్ లోపల గడ్డకట్టుకుంటుంది, మర్నాడు పొద్దున్న కదలదు. అప్పుడు కుర్రాళ్ళు కటింగ్ ప్లయర్ పట్టుకుని లాగుతారు, పుల్లర్ ఊడి చేతికొస్తుంది. అలా బిగుసుకుపోతే లాగొద్దు, గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నాననివ్వండి, అప్పటికీ కదలకపోతే తెల్ల వెనిగర్ సగం నీళ్ళు సగం కలిపి స్లయిడర్ మునిగేలా పెట్టండి, ఉప్పు కరుగుతుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తర్వాత మంచినీళ్ళతో బాగా కడగండి వెనిగర్ మిగలకుండా. ఆరాక మైనం. తేనెమైనం మన దగ్గర పూజా సామాన్ల షాపులో, ఆయుర్వేదం షాపులో అడిగితే దొరుకుతుంది, నేను అదే వాడతాను, చిన్న ముక్క డబ్బాలో వేసుకుని బ్యాగ్‌లో పడేస్తాను.

బూట్ల జిప్ గురించి ఎవరూ పట్టించుకోరు గానీ అన్నిటికంటే ముందు పోయేది అదే అన్నా. ఒడ్డు నుంచి నడిచి దిగేటప్పుడు అలలకి ఇసుకంతా బూట్ జిప్‌లోకే పోతుంది. బూట్ తలకిందులు చేసి, జిప్ తెరిచి, బకెట్లో కాకుండా పారే నీళ్ళ కింద కడగండి, బకెట్లో అయితే పది జతలు ముంచాక అడుగున ఉన్న ఇసుక మళ్ళీ జిప్‌లోకే వస్తుంది. కడిగేటప్పుడు స్లయిడర్ అటూ ఇటూ కదపండి, అప్పుడే దాని లోపల ఉన్నది బయటికి వస్తుంది. బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) పాకెట్ జిప్పులు కూడా ఇంతే, అందులో కత్తి, సిగ్నల్ ట్యూబ్ పెట్టుకుని అవసరానికి జిప్ రాకపోతే పెట్టుకుని లాభమేంటి.

అందులోనూ అద్దె సూట్ల విషయంలో మన దగ్గర నిజంగా శ్రద్ధ పెరగాలి. ఒకే సూట్ రోజుకి ఎంతమంది వేసుకుంటారో, అంతమంది లాగే జిప్ అది, సాయంత్రం ఒక్కసారి పారే నీళ్ళ కింద పెడితే ఏళ్ళ తరబడి వస్తుంది.


పూజెట్_వాసి:

ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అక్కా, చూశాను, మా ఆవిడది టిజిప్పే, బ్యాగ్ అడుగున చిన్న గ్రీజు ట్యూబ్ కూడా ఉంది, ఇన్నాళ్ళూ అదేంటో అనుకున్నాం.

నాది ఇత్తడిది, లైట్ పెట్టి దగ్గరగా చూస్తే ఆ బిగుతుగా ఉన్న చివర్లో పళ్ళ మీద ఆకుపచ్చ మరకలు ఉన్నాయి, అదే చోట టేప్ అంచున రెండు మూడు దారాలు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక డైవ్‌లో ఎడమ భుజం వెనక కొంచెం తడి అనిపించింది, అది చెమటో నీళ్ళో తెలియలేదు. ఇది జిప్ పోయినట్టేనా, లేక శుభ్రం చేస్తే సరిపోతుందా? ఇంట్లోనే లీక్ కనుక్కునే పద్ధతి ఏదైనా ఉందా? ఇంకో సంగతి, సూట్ దాచేటప్పుడు జిప్ తెరిచి పెట్టాలా మూసి పెట్టాలా, దీని మీద కూడా ఇక్కడ రెండు పార్టీలు ఉన్నాయి. మా సూట్‌లు గరాజ్‌లో హ్యాంగర్లకి వేలాడుతున్నాయి.


ఫ్యోర్డ్_తెలుగు:

నేను నార్వేలో బెర్గెన్ నుంచి. ఇక్కడ ఏడాది పొడుగునా డ్రైసూటే కాబట్టి దాచడం, మోసుకెళ్ళడం గురించి నాకు తెలిసింది చెప్తా. లీక్ సంగతి నీటిగూడు గారే చెప్పాలి, నాకన్నా వారికే బాగా తెలుసు.

తెరిచా మూసా అన్నదానికి ఒకటే జవాబు లేదు బ్రో, జిప్‌ని బట్టి. ఇత్తడి జిప్ మూసి పెడితే నెలల తరబడి ఆ రబ్బరు అంచులు నొక్కుకునే ఉంటాయి, అందుకని తెరిచి పెట్టమని చాలా కంపెనీలు చెప్తాయి, నేనూ అదే పాటిస్తా. ప్లాస్టిక్ వాటికి కంపెనీ కంపెనీకీ మాట మారుతుంది, అక్కడ మాన్యువలే ఫైనల్. కానీ నా ఉద్దేశంలో తెరిచామా మూశామా అన్నదానికంటే వంగిందా లేదా అన్నది చాలా పెద్ద విషయం. ఇత్తడి జిప్‌కి శత్రువు మడత. ఒక చోట గట్టిగా మడతపడితే అక్కడ పళ్ళ మధ్య టేప్ చీలుతుంది, లేదా ఒక పన్ను పక్కకి తిరుగుతుంది, ఇక మైనం ఎంత రాసినా లాభం లేదు.

మీది వెనక భుజాల జిప్, సన్నటి హ్యాంగర్‌కి భుజాల దగ్గర వేలాడదీస్తే సూట్ బరువంతా సరిగ్గా జిప్ రెండు చివర్ల మీదే పడి అక్కడే వంగుతుంది. ఆ చివరి రెండంగుళాల బిగుతుకి ఇదీ ఒక కారణం కావచ్చు. వెడల్పాటి హ్యాంగర్ వాడండి, లేదంటే బూట్లు పైకి పెట్టి తలకిందులుగా వేలాడదీసే హ్యాంగర్లు ఉంటాయి, అవి ఇంకా మంచివి. గరాజ్‌లో ఫ్రీజర్, మోటార్లు లాంటివి ఉంటే వాటికి దూరంగా పెట్టండి, మోటార్ స్పార్కుల వల్ల పుట్టే ఓజోన్ లేటెక్స్‌నీ రబ్బర్‌నీ పగలగొడుతుంది. ఎండలో కార్ డిక్కీలో వదిలేయడం అసలు వద్దు.

వేసుకునేటప్పుడు, విప్పేటప్పుడు జిప్ పూర్తిగా, చిట్టచివరి దాకా తెరవాలి. కొంచెం మిగిల్చి భుజాలు దూరిస్తే మొత్తం బలం స్లయిడర్ దగ్గర ఆ ఒక్క పన్ను మీద పడుతుంది. మూసేటప్పుడు మీరు నిటారుగా నిలబడి భుజాలు వదులుగా పెట్టండి, మీ ఆవిడ ఒక చేత్తో జిప్ మొదలు పట్టుకుని, ఇంకో చేత్తో జిప్ ఏ లైన్లో ఉందో అదే లైన్లో లాగాలి, కిందికీ పక్కకీ కాదు. మధ్యలో ఆగితే ఇంకా గట్టిగా లాగకూడదు, వెనక్కి తీసి చూడాలి, పది సార్లకి తొమ్మిది సార్లు లోపల వెచ్చదనానికి వేసుకునే అండర్‌సూట్ ఫ్లీస్ పోగు ఇరుక్కుని ఉంటుంది. ఆ పోగు ఒక్కటి మధ్యలో ఉన్నా చాలు, రబ్బరు అంచులు కలవవు, నీళ్ళు లోపలికి దారి చూసుకుంటాయి.

అపోలో వ్యోమగాముల సూట్లలో కూడా గాలి పోకుండా పట్టే జిప్ ఉండేది, చంద్రుడి మీద దుమ్ము ఆ జిప్పుల్లో, చేతుల రింగుల్లో చేరి బిగుసుకుపోయి చాలా ఇబ్బంది పెట్టిందని నాసా రిపోర్టుల్లోనే ఉంది. అక్కడ దుమ్ము, మనకి ఇసుకా ఉప్పూ. అందుకే నీటిగూడు గారు కడగడం గురించి అన్న మాటని నేను రెండు చేతులా సమర్థిస్తా, మురికి జిప్ మీద మైనం రుద్దడం అంటే ఆ ఇసుకని అక్కడే అంటించి పెట్టడమే.


నీటిగూడు:

పూజెట్ తమ్ముడూ, దారాలు, ఆకుపచ్చ మరకలు అన్నావు కాబట్టి వరసగా చెప్తాను.

ఆకుపచ్చది ఇత్తడికి పట్టే చిలుము. ఉప్పు నీళ్ళు ఆ చివర్లో నిలిచిపోయి, ఆరక, అలా పట్టింది, వెనక జిప్‌లకి చివర్లు ఎప్పుడూ ఆఖరికి ఆరతాయి. దాన్ని ఇసుక కాగితంతో, వైర్ బ్రష్‌తో గీకొద్దు, ఇత్తడి పోతుంది, పక్కన రబ్బరూ పోతుంది. గోరువెచ్చటి నీళ్ళు, గాఢత తక్కువ ఉన్న సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్, లోపలి వైపూ బయటి వైపూ, ఓపిగ్గా. అప్పటికీ పోని చోట నీళ్ళు కలిపిన వెనిగర్ దూదిపుల్లతో పళ్ళ మీద మాత్రమే అద్ది వెంటనే బాగా కడిగెయ్. రుషికొండ తమ్ముడు చెప్పినట్టు నానబెట్టడం వెట్‌సూట్ జిప్‌కి సరే, డ్రైసూట్ జిప్‌ని అలా నానబెట్టకు. పూర్తిగా ఆరాక మైనం రాసి చూడు, చిలుము వల్లే బిగుతు అయితే ఇక్కడితో చాలా వరకు తగ్గిపోతుంది.

బయటికి వచ్చిన దారాలని లాగొద్దు, నిప్పుతో కాల్చొద్దు, చిన్న పదునైన కత్తెరతో టేప్ దగ్గరగా కత్తిరించెయ్, లేకపోతే స్లయిడర్ వాటిని లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత జిప్‌ని కొంచెం, అంటే చాలా కొంచెం వంచి, లైట్ పెట్టి పళ్ళ మధ్య టేప్ చూడు. పగుళ్ళు కనపడుతున్నాయా, రబ్బరు పొర బట్ట నుంచి విడిపోయిందా, ఏదైనా పన్ను లేకుండా గానీ పక్కకి తిరిగి గానీ ఉందా. పగుళ్ళు ఉన్నా పన్ను పోయినా జిప్ మార్చాల్సిందే, దానికి వేరే మార్గం చెప్పేవాళ్ళ మాట వినకు. ఒట్టి దారాలే అయితే ఇంకా కొంత కాలం వస్తుంది, నిశ్చింతగా వాడుకో.

లీక్ టెస్ట్ ఇంట్లోనే చేసుకోవచ్చు, సైకిల్ షాపులో ట్యూబ్ పంక్చర్ కనుక్కున్నట్టే. రెండు చేతుల సీల్స్‌లో చిన్న ప్లాస్టిక్ సీసాలు దూర్చు, మెడ సీల్‌లో దానికి సరిపోయే బంతి గానీ గుండ్రటి గిన్నె గానీ పెట్టు, అంచులు పదునుగా లేకుండా చూసుకో. జిప్ పూర్తిగా మూసి, గాలి బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ బిగించి, సూట్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ గొట్టంతో మెల్లగా గాలి నింపు, సూట్ దిండులా గట్టిపడేదాకా నింపక్కర్లేదు, ఉబ్బి నిలబడితే చాలు. తర్వాత స్ప్రే సీసాలో సబ్బు నీళ్ళు పోసుకుని జిప్ పొడుగునా, ముఖ్యంగా రెండు చివర్లలో, భుజం కుట్ల మీద కొట్టు. ఎక్కడ లీక్ ఉంటే అక్కడ బుడగలు వరసగా వస్తూనే ఉంటాయి. ఆ చోటు మార్కర్‌తో గుర్తు పెట్టి ఫోటో తీసుకో, రిపేర్ చేసేవాళ్ళకి ఆ ఫోటో చూపిస్తే వాళ్ళకి సగం పని తగ్గుతుంది. ఎక్కడా బుడగలు లేకపోతే నీ భుజం తడి చెమటే, అండర్‌సూట్ సంగతి ఆలోచించు.

మీ ఆవిడ సూట్‌కి ఒక జాగ్రత్త చెప్పాలి. టిజిప్ లీక్ అవుతోందని మా దగ్గరికి తెచ్చే సూట్‌లలో చాలా వాటికి జిప్‌కి ఏమీ ఉండదు, చివరి అర సెంటీమీటర్ మూయలేదు అంతే. స్లయిడర్ ఆ గూట్లోకి పూర్తిగా వెళ్ళి కూర్చోవాలి, చేతికి తెలుస్తుంది. కొత్త జిప్ గట్టిగానే ఉంటుంది, అందుకే ఆ గూట్లో గ్రీజు. దిగే ముందు జోడీగా ఒకరినొకరు చూసుకునే బడ్డీ చెక్‌లో గాలి, వెయిట్లు చూసుకున్నట్టే ఈ చివరని కూడా రోజూ వేలితో తడిమి చూడండి, చలికాలపు నీళ్ళలో ఇది చిన్న విషయం కాదు. నీటి ఉష్ణవాహకత గాలికి దాదాపు 24 రెట్లు, 8 డిగ్రీల నీళ్ళు అండర్‌సూట్‌లోకి చేరాయంటే ఒంట్లో వేడి ఎంత సేపు నిలుస్తుంది చెప్పు. సూట్‌లో ముందు వైపు యూరిన్ కోసం చిన్న జిప్ కూడా ఉంటే దానికీ ఇదే పద్ధతి, ఇంకా ఎక్కువ శ్రద్ధ, ఎందుకంటే దాన్ని మధ్యలో తెరిచి మళ్ళీ మూయడం తొందర్లో జరుగుతుంది, పైన ఫ్లాప్ కప్పి ఉంటుంది కాబట్టి బడ్డీకి కనపడదు. పెద్ద జిప్ పైన ఇంకో మామూలు జిప్ కవర్ ఉంటే దాన్ని కూడా కడగండి, ఇసుక అంతా ఆగేది దాని దగ్గరే.


మణికొండ_మీనం:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేము హైదరాబాద్ నుంచి ఐస్‌లాండ్ వెళ్తున్నాం, అక్కడ సిల్ఫ్రా అనే నీళ్ళు నిండిన నేల పగులులో దిగాలని ఎప్పటి నుంచో కోరిక. అక్కడ డ్రైసూట్ వాళ్ళే ఇస్తారట. నేను అండమాన్‌లో ఓపెన్ వాటర్ (మొదటి స్థాయి డైవింగ్ కోర్సు) చేశాను, డ్రైసూట్ ఎప్పుడూ వేసుకోలేదు. మైనం ఏమైనా పట్టుకెళ్ళాలా, జిప్ విషయంలో నేను చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?


ఫ్యోర్డ్_తెలుగు:

మైనం అక్కర్లేదు బ్రో, వాళ్ళ సూట్‌కి వాళ్ళు ఏది వాడుతున్నారో అదే వాడాలి, మన మైనం వాళ్ళ ప్లాస్టిక్ జిప్ మీద రుద్దితే మంచి చేయబోయి చెడు చేసినట్టవుతుంది. నువ్వు ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. సిల్ఫ్రాలో నీళ్ళు ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీలు, అక్కడ స్కూబా చేయాలంటే డ్రైసూట్ సర్టిఫికెట్ గానీ, లాగ్‌బుక్‌లో డ్రైసూట్ డైవ్‌లు గానీ అడుగుతారు, ఓపెన్ వాటర్ కార్డ్ ఒక్కటే సరిపోదు. అది లేకపోతే స్నార్కెలింగ్‌కి వెళ్ళు, దానికీ డ్రైసూటే ఇస్తారు, నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే పైనుంచి చూసినా అడుగు కనపడుతుంది, నిరాశ పడేదేం లేదు. బుక్ చేసే ముందే వాళ్ళకి మెయిల్ పెట్టి అడుగు.

జిప్ సంగతికొస్తే, నువ్వే లాగొద్దు, గైడ్ చేత మూయించుకో, వాళ్ళకి ఆ జిప్ ఎక్కడ బిగుస్తుందో తెలుసు. మూసేటప్పుడు కదలకుండా నిలబడు. అయ్యాక చివర పూర్తిగా మూసుకుందా అని ఒక్కసారి నోరు తెరిచి అడుగు, మొహమాటపడకు. లోపల వేసుకునే బట్టలు పోగులు ఊడేవి కాకుండా చూసుకో, పాత ఉలన్ స్వెటర్ కంటే నున్నటి థర్మల్స్ మేలు. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్ళు ఉంటే గట్టిగా ముడి వేసుకోమను, మెడ సీల్ కింద గానీ జిప్‌లో గానీ వెంట్రుకలు ఇరుక్కున్నా నీళ్ళు వస్తాయి.

పూజెట్ గారూ, మీరు ఎప్పుడైనా సూట్ విమానంలో తీసుకెళ్తే, బూట్ల వైపు నుంచి పైకి చుట్టుకుంటూ రండి, వెనక జిప్ చుట్ట పైన వెడల్పుగా వంపు తిరిగి ఉండాలి, ఆ వంపు లోపల అండర్‌సూట్ పెట్టేయండి మడత పడకుండా. చేతులు జిప్ మీదకి కాకుండా లోపలికి మడవండి. సూట్‌కేస్‌లో అన్నిటికంటే పైన అదే ఉండాలి, దాని మీద రెగ్యులేటర్, ఫిన్స్ లాంటి బరువులు పెట్టొద్దు.


పూజెట్_వాసి:

శనివారం కూర్చుని మొత్తం చేశాం. సబ్బు నీళ్ళతో రుద్దితే చిలుము చాలా వరకు వదిలింది, మిగిలిన కాస్త వెనిగర్‌తో పోయింది, తేనెమైనం రాశాక ఆ చివరి అంగుళాలు ఇప్పుడు ఆవిడ ఒంటి చేత్తో మూస్తోంది. పళ్ళ మధ్య పగుళ్ళు కనపడలేదు. సబ్బు నీళ్ళ టెస్ట్‌లో జిప్ దగ్గర ఒక్క బుడగ రాలేదు, వచ్చింది ఎడమ చేతి సీల్ దగ్గర లేటెక్స్ అంచున, చిన్న చీలిక. ఫోటో తీసి ఇక్కడ రిపేర్ వాళ్ళకి పంపాను.


నీటిగూడు:

అయితే భుజం తడికి దారి దొరికింది తమ్ముడూ. చేయి పైకెత్తినప్పుడు చేతి సీల్ నుంచి వచ్చిన నీళ్ళు లోపల అండర్‌సూట్ పట్టుకుని భుజం దాకా పాకుతాయి, ఇది మేము తరచూ చూసేదే. సీల్ మార్చడం జిప్ మార్చడంతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. ఒక చేతిది చీలిందంటే రెండోది కూడా అదే వయసుది, రెండూ కలిపి మార్పించుకో. సూట్ ఇచ్చేటప్పుడు జిప్‌కి తేనెమైనం మాత్రమే రాశాను, ఈ మధ్య సిలికాన్ తగల్లేదు, అంతకుముందు వాడినాయన సంగతి తెలియదు అని కాగితం మీద రాసి పెట్టు, జిగురు వేసే ముందు వాళ్ళకి ఆ మాట తెలియాలి.